బ్రోకలీ మడి చుట్టూ తీగ

"సంపతూ, గా తీగల కరెంటు పెట్టకు బిడ్డా. ఎవలన్న తగులుకోని సచ్చిండ్రంటె మన బతుకులు బుగ్గయితయి."

మహేశ్వరి పెరట్లో నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అన్నది ఈ మాట. కొడుకు వినలేదు. వినకపోవడంలో అతని తప్పు కూడా పెద్దగా లేదు. అతను బండెక్కితే లారీ గుద్దుతుందని, గ్యాస్ పొయ్యి పేలుతుందని, నాలుగు చినుకులు పడితే మొగుడు దిగిన గనిలోకి నీళ్లొస్తాయని ఆమె అనని రోజు లేదు. రోజుకు పది కీడులు శంకించే మనిషి పదకొండోది చెబితే ఎవరు చెవిన పెడతారు?

"అవ్వా, నీ ఫికర్‌తోని నాకు పిచ్చిలేస్తది" అన్నాడు సంపత్, తీగ కొసను పళ్లతో కరిచి పైతోలు పీకుతూ. "మనుషులు సచ్చేంత కరెంటు గాదిది. కోతికి జర చురుక్కుమంటది, గంతే."

అది అబద్ధం. ఇంట్లో ఫ్యాను తిరిగే కరెంటే ఆ తీగలోనూ పారబోతోంది. గని మీద ఎలక్ట్రీషియన్ దగ్గర హెల్పరుగా పనిచేసే సంపత్‌కు ఆ సంగతి తెలుసు. మహేశ్వరికి చదువు ఏడో తరగతితో ఆగింది గానీ, ఆమెకూ తెలుసు. లక్సెట్టిపేట దగ్గర తన పుట్టింటి పొలంలో మేనమామ మోటారు స్టార్టర్ ముట్టుకుని నల్లబడి పడిపోయింది ఆమె కళ్ల ముందే. అప్పుడామెకు తొమ్మిదేళ్లు. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు ఆమె స్విచ్చు మీద వేలు పెట్టిన పాపాన పోలేదు. ఇంట్లో లైటు వెయ్యాలంటే చీపురు కొసతో నొక్కుతుంది. క్వార్టర్ల వరసలో ఆడవాళ్లంతా దాన్ని చెప్పుకుని నవ్వుకుంటారు.

శ్రీరాంపూర్ బొగ్గు గనుల కాలనీలో వాళ్లది చివరి వరస. వరస దాటితే ముళ్లకంప, కంప దాటితే ఓపెన్‌కాస్టు గని తవ్విపోసిన మట్టి దిబ్బ. ఆ దిబ్బ మీద చెట్లు నాటారు, చెట్ల మీదికి కోతులు చేరాయి.

"అడివి బోయింది గద, కోతులు సుత క్వార్టర్లకు దరఖాస్తు పెట్టుకున్నయ్" అనేవాడు మహేశ్వరి భర్త రాజలింగు. ఇరవై ఎనిమిదేళ్లుగా గనిలో దిగుతున్న మనిషి, ఇంట్లో ఉన్న కాసేపూ ఇలాంటి మాటలతోనే పొద్దుపుచ్చుతాడు.

పెరట్లో బ్రోకలీ పెట్టమన్నది కూతురు ప్రవళిక. కరీంనగర్ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. దసరా సెలవులకు వస్తూ మంచిర్యాలలో ఒక విత్తనాల ప్యాకెట్ కొనుక్కొచ్చింది. ఆవాలంత గింజలు. చాయ్ తాగి పారేసే కాగితం కప్పులు ఏరి తెచ్చి, మట్టి నింపి, కప్పుకు రెండు గింజలు గుచ్చి, సెలవులు అయిపోగానే బస్సెక్కి పోయింది. మిగిలిన పని తల్లి మీద పడింది.

"గోబీ పువ్వు పచ్చగుంటె ఎవడు తింటడే? బర్రెకేద్దాం" అన్నాడు రాజలింగు.

"మన కాడ బర్రె యాడిది?"

"గా కథ తర్వాత జూద్దాం. ముందు పువ్వు రానియ్."

ఆ పెరట్లో మట్టి సగం బొగ్గు పొడి. తులసి చెట్టు తప్ప ఇన్నేళ్లలో అక్కడ బతికిందంటూ ఏదీ లేదు. అందుకే నారు మొలిచినప్పుడు మహేశ్వరి నమ్మలేదు. సంపత్ గోదావరి ఒడ్డు నుంచి రెండు సంచుల ఒండ్రుమట్టి బండి మీద తెచ్చాడు. పద్నాలుగు మొక్కలు నాటింది. పొద్దున్నే ఆకుల కింద వెతికి పచ్చపురుగులను వేళ్లతో తీసి, చెప్పు కాలితో రాయి మీద నలిపేది. అన్నిటికీ వణికే మనిషికి ఆ నలిపేటప్పుడు మాత్రం చెయ్యి వణికేది కాదు. పక్క క్వార్టరు ఎల్లక్క బొగ్గుల పొయ్యి బూడిద దోసెడు ఇస్తే పేనుబంకకు చల్లేది.

"ఏం చెల్లె, సంపత్ పుట్టినప్పుడు సుత గింత గనం జూస్కోలేదు నువ్వు" అని ఎల్లక్క ఆట పట్టించేది.

ఎల్లక్క, ఆమె భర్త పర్శరాములు, కూతురు రోజారాణి, ముగ్గురే ఆ ఇంట్లో. రెండు క్వార్టర్ల మధ్య గోడ నిరుటి ముందటి వానాకాలంలో కూలితే ఎవరూ కట్టలేదు. కట్టాల్సిన అవసరమూ రాలేదు. పెరడు ఒకటే, నల్లా ఒకటే, బట్టలారేసే తీగలు ఒకటే. రోజారాణి మిషను మీద వరసందరికీ జాకెట్లు కుట్టేది. మహేశ్వరిని చిన్నవ్వా అని, సంపత్‌ను అన్నా అని పిలిచేది. నల్లా ఎనిమిదింటికి వదులుతారు. ఆ గంటసేపు పెరడంతా బిందెలు, బట్టలు, ముచ్చట్లు.

జనవరి చలికి మొక్కల నడుమ పువ్వు కట్టింది. మొదట బొటనవేలంత, తర్వాత పిడికిలంత. సన్నని పూసలు దగ్గరదగ్గరగా గుచ్చినట్టు, ముదురు పచ్చగా. "మొగ్గలు ఇచ్చకముందే కొయ్యాలె అవ్వా, పసుపు పూలొస్తె పనికిరాదు" అని ప్రవళిక ఫోనులో చెప్పింది. ఇంకో వారం ఆగితే కోతకొస్తాయని మహేశ్వరి లెక్క.

ఆ వారం ఆగలేదు కోతులు.

మంగళవారం తెల్లారి ముప్పై దాకా దిగాయి. చప్పుడుకు మహేశ్వరి తలుపు తీసేసరికి ఒక పెద్ద మగకోతి మడి మధ్యలో కూర్చుని పువ్వును రెండు చేతులా పట్టుకుని కొరుకుతోంది. మూడు మొక్కలు వేళ్లతో సహా పైకి వచ్చి పడి ఉన్నాయి. తిన్నదాని కంటే చీరి పారేసిందే ఎక్కువ. ఆమె చీపురెత్తి "హుష్" అన్నది. కోతి కదల్లేదు. రెండోసారి అనేలోపే ఎగిరి ఆమె ముంజేతిని పట్టింది. పళ్లు లోపలికి దిగిన చప్పుడు ఆమెకు వినబడింది. కేకకు సంపత్ ఇనుప రాడ్డు పట్టుకుని బయటికి ఉరికాడు. మగకోతి తప్పించుకుంది. గోడ మొండెం దగ్గర చిక్కిన ఒక పిల్లకోతి తప్పించుకోలేదు. మొదటి దెబ్బకే అది పోయింది. అయినా సంపత్ ఆగలేదు. నాలుగు, ఐదు, ఆరు. రాడ్డు తడిగా నేలను తాకిన చప్పుడు వరసంతా విన్నది.

"అరెరె, ఆంజనేయస్వామిరా, పాపం తగుల్తది!" అని ఎల్లక్క చెంపలు వేసుకుంది.

"మా అవ్వ చెయ్యి జూడు పెద్దవ్వా, ఎముక కనబడుతుంది. గా పాపం ఎవలకు తగుల్తది?" అన్నాడు సంపత్. రొప్పుతున్నాడు. ముఖం మీద చుక్కలు చుక్కలుగా రక్తం.

చచ్చిన పిల్లను తల్లికోతి ఎత్తుకుని దిబ్బ వైపు పోయింది. మహేశ్వరి కోతి కాటుకు సూదులు వేయించుకుని వచ్చింది గానీ, ఆమె కళ్లకు కనబడుతున్నది తన చెయ్యి కాదు, కొడుకు చేతిలోని రాడ్డు. వాడిలో అంత కోపం ఎక్కడ దాక్కుందో ఆమెకు అంతుపట్టలేదు. ఈ నెలలో వాడికి పర్మినెంటు కాగితం రావాలి. ఈ కోపం ఏదో ఒక రోజు ఎవరి మీదనో పడి, ఠాణాలో కేసు అయి, కాగితం చిరిగిపోతుందని ఆ పూటే ఒక కొత్త భయం పుట్టింది.

బుధవారం సంపత్ తీగ కట్టాడు.

ఆ తీగ గురించి ఒక మాట చెప్పాలి. గనిలో బొగ్గు పేల్చడానికి మందుకు కలిపే సన్నని రంగు తీగ ఉంటుంది. పేల్చినాక మిగిలిన ముక్కలు బొగ్గులో కలిసి వస్తాయి. షిఫ్టు దిగేవాళ్లు చుట్టలు చుట్టి జేబులో వేసుకుని ఇంటికి తెస్తారు. తేవద్దని రూలు. తేని వాళ్లు లేరు. ఆ వరసలో చీపుర్లకు కట్టేది అదే, చిక్కుడు పందిరికి కట్టేది అదే, బట్టలారేసేది అదే. ఎర్రదీ పసుపుదీ కలిపి పేనిన తీగ కనబడితే దాని మీద తడిబట్ట వెయ్యడం ఆ వరసలో చిన్నపిల్లకు కూడా అలవాటు. సంపత్ మడి చుట్టూ నాలుగు కర్రలు పాతి, మోకాలెత్తున ఒక వరస, నడుమెత్తున ఒక వరస చుట్టింది ఆ తీగతోనే. కోతి పట్టుకునే చోటల్లా తోలు ఒలిచాడు. కొసను వెనక వరండాలోని ప్లగ్గుకు కలిపాడు.

ఆ వారమంతా అతనికి సెకండ్ షిఫ్టు, మధ్యాహ్నం పోతే చాలు. తెల్లారి తనే ప్లగ్గు పెట్టేవాడు, ఏడున్నరకు తనే పీకేవాడు, పీకినాక వరసంతా వినేలా "బంద్ అయింది" అని అరిచేవాడు. గురువారం ఒక కోతి తగిలి గిలగిల తన్నుకుని పారిపోయింది. శుక్రవారం, శనివారం ఒక్కటీ రాలేదు. పదకొండు మొక్కలు బతికాయి. ఆదివారం మహేశ్వరి మడి పక్కన కూర్చుని, తీగలో కరెంటు లేదని కొడుకుతో మూడుసార్లు చెప్పించుకుని, ఒక్కో పువ్వునూ తడిమి చూసుకుంది.

సోమవారంతో షిఫ్టు మారింది. సంపత్‌కు ఫస్ట్ షిఫ్టు. ఆరింటికల్లా గని మీద ఉండాలి. రాజలింగుకు నైట్ షిఫ్టు, ఆయన ఇల్లు చేరేసరికి ఎనిమిది.

"అవ్వా, ప్లగ్గు పెట్టి పోతున్న. ఏడున్నరకు పీకెయ్. గుంజితె ఊడొస్తది, గంతే" అన్నాడు సంపత్ డబ్బా సంచీలో పెట్టుకుంటూ.

"నాతోని కాదు బిడ్డా. నేను ముట్ట."

"అవ్వా, గది ప్లగ్గు, పాము గాదు. నల్లా ఇడ్సకముందె పీకాలె, మర్వకు. పీకుతవా?"

ఆమె "ఊ" అన్నది. ఆ ఒక్క ఊ నమ్ముకుని అతను వెళ్లిపోయాడు.

ఏడింటి నుంచి మహేశ్వరి వరండాలో నిలబడింది. ఏడుంబావుకు రాజలింగు రబ్బరు చెప్పులు తొడుక్కుంది. ఏడున్నరకు చేతికి పొడి తువ్వాల చుట్టుకుంది. ప్లగ్గు వైపు చెయ్యి చాపింది. వేళ్లు జానెడు దూరంలో ఆగిపోయాయి. మేనమామ బిగుసుకున్న పళ్లు గుర్తుకొచ్చాయి. ఆ రోజు ఆయన నవ్వుతున్నాడని అనుకుంది తను. మళ్లీ చాపింది. మళ్లీ ఆగింది. చీపురు కొసతో స్విచ్చు నొక్కుదామంటే, సంపత్ తీగ కలిపింది స్విచ్చు పాడైపోయిన పాయింటుకు.

పిలిస్తే ఎవరైనా వచ్చి పీకేవాళ్లే. కానీ నవ్వుతారు. ప్లగ్గు పీకలేని మనిషి అని నల్లా దగ్గర నెల రోజులు నవ్వుతారు. ఇంకో అరగంటలో రాజలింగు వస్తాడు, ఆయనే పీకుతాడు, అప్పటిదాకా మడి దగ్గరే కూర్చుని ఎవరినీ రానివ్వకుండా కాపలా కాస్తే సరిపోతుందనుకుంది. పీట తెచ్చుకుని మడికి నాలుగడుగుల దూరంలో కూర్చుంది.

నల్లా వదిలారు. బిందెల చప్పుడు మొదలైంది. రాజలింగు రాలేదు.

అప్పుడు ఇంట్లోంచి మాడిన వాసన వచ్చింది. పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి గుర్తొచ్చింది. పాలు పొంగి మంట ఆరిపోతుంది, గ్యాస్ ఇల్లంతా నిండుతుంది, ఇల్లు పేలుతుంది. ఈ భయం ఆ భయాన్ని తోసేసింది. ఆమె లేచి లోపలికి ఉరికింది.

మంట ఆరలేదు. పాలు గిన్నె అడుగంటాయి, అంతే. ఆమె బర్నరు తిప్పి ఊపిరి వదిలింది.

పెరట్లో ఒక చప్పుడైంది. కేక కాదు. గొంతులో నీళ్లు పోసి నొక్కినట్టు గుర్రుమనే చప్పుడు.

రోజారాణి నీళ్లోడుతున్న దుప్పటిని పై తీగ మీద వేసింది. ఎండ పడేది అటువైపే, రోజూ ఈపాటికి బంద్ అయ్యే తీగే. దుప్పటి ముడతలు సరిచేస్తూ ఒలిచిన చోట తీగను కుడిచేత్తో పట్టుకుంది. కింద మడికి పెట్టిన నీళ్ల తడి, కాళ్లకు చెప్పుల్లేవు. పిల్ల నిలువునా బిగుసుకుపోయి ఊగుతోంది. కళ్లు తెల్లగా ఉన్నాయి. పెదవి పళ్ల కింద తెగి రక్తం గడ్డం మీద కారుతోంది. బ్రోకలీ ఆకుల మీద దుప్పటి నీళ్లు టపటప రాలుతున్నాయి.

ఎల్లక్క "బిడ్డా!" అని పరిగెత్తి కూతురి నడుము పట్టుకుంది. పట్టుకున్న మరుక్షణం ఎవరో ఈడ్చి విసిరినట్టు వెనక్కి పడింది. ఆమె తల నల్లా గద్దెకు తగిలి పగిలింది.

ప్లగ్గు వరండాలో ఉంది, మహేశ్వరికి మూడడుగుల దూరంలో. ఆమె దాని వైపు పోలేదు. తలుపు వెనకున్న రోకలి అందుకుంది. మడి దగ్గరికి ఉరికి, రెండు చేతులా ఎత్తి, తీగ మీద బలంకొద్దీ కొట్టింది. తెగలేదు. మళ్లీ కొట్టింది. ఆ దెబ్బ పిల్ల మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు పటుక్కుమన్నది. మళ్లీ కొట్టింది. "ఇడువు బిడ్డా, ఇడువు, ఇడువు!" అని అరుస్తూ కొట్టింది. ఐదో దెబ్బకు తీగ తెగింది. పిల్ల మూటలా మడిలో పడింది. మొక్కలు ఆమె కింద చిదికిపోయాయి. మాంసం కాలిన వాసన లేచింది.

సందు చివర బిందె పట్టుకుని వస్తున్న పర్శరాములు చూసింది ఇదే. కూతురు కింద పడి ఉంది. పెళ్లాం తల నుంచి రక్తం కారుతోంది. మహేశ్వరి చేతిలో రోకలి.

అతను ఉరికి వచ్చాడు. బిందెతో ఆమె ముఖం మీద కొట్టాడు. ఆమె కూలబడింది. జుట్టు పట్టి లేపి పిడికిలితో నోటి మీద గుద్దాడు. రెండు పళ్లు ఊడి నాలుక మీద పడ్డాయి. "నా బిడ్డను సంపుతున్నవానే!" అని డొక్కలో తన్నాడు. మూడోసారి తన్నేలోపు ఎవరో "కరెంటు! తీగల కరెంటున్నది!" అని అరిచారు. పర్శరాములు ఒక్క క్షణం ఆగి చూశాడు. వరండాలోకి పోయి ప్లగ్గు పట్టుకుని గుంజాడు. ఒక్క గుంజుడుకు ఊడొచ్చింది. నేల మీద పడి ఉన్న మహేశ్వరి అది చూసింది.

రోజారాణికి ఊపిరి ఉంది. ఆటోలో వేసుకుని మంచిర్యాలకు తీసుకుపోయారు.

కబురంది సంపత్ పదింటికి గని మీది నుంచి వచ్చాడు. వరస మొదట్లోనే పది మంది ఎదురొచ్చారు. కన్వేయరు బెల్టు ముక్క ఒకటి ఎవరి చేతిలోనో ఉంది. వేలెడు మందం రబ్బరు. మొదటి దెబ్బకు చొక్కా చిరిగింది, రెండో దెబ్బకు వీపు. సంపత్ చెయ్యి అడ్డం పెట్టలేదు. మొన్న పిల్లకోతిని చంపిన చేతులు అటూ ఇటూ వేలాడాయి. మోకాళ్ల మీద పడ్డాక ముఖం మీద తన్నారు. ఎడమ కన్ను మూసుకుపోయింది.

"నల్లా యాళ్లకు కరెంటు ఎందుకున్నదిరా? ఎవలు పెట్టిండ్రు, ఎవలు మర్సిండ్రు, చెప్పు!"

"నేనే" అన్నాడు సంపత్, రక్తం ఉమ్మి. "నేనే పెట్టిన. నేనే మర్సిన."

గడపలో తల్లి నిలబడి ఉంది. ఆమె నోరు తెరిచింది. వెనక నుంచి రాజలింగు అరచెయ్యి దాన్ని మూసింది. ఎనిమిదిన్నరకు గానీ ఇల్లు చేరలేదాయన. గని గేటు దగ్గర చాయ్ తాగుతూ అరగంట కూర్చుని, ముచ్చట్లు అయినాక లేచి వచ్చాడు.

"నోర్మూసుకో" అన్నాడు ఆమె చెవిలో. "ఒకడు ఇరుక్కున్నడు సాలు. నువ్వు సుత జైలుకు బోతె ఆడిపిల్ల ప్రవళిక బతుకేంగావాలె? వాడు మగోడు, ఓర్సుకుంటడు."

జైలన్న మాట చెవిన పడింది. ఇనుప తలుపు, నల్లటి గది, తెలియని ఆడవాళ్లు, అన్నీ ఒక్కసారిగా కనబడ్డాయి. ఆమె నోరు మూసుకుంది.

మూడు రోజులు అలాగే ఉంది. దవడ వాచిందని వరస అనుకుంది. ప్రవళిక ఫోను చేస్తే రాజలింగే మాట్లాడాడు. రోజారాణి కుడిచేతి రెండు వేళ్లు కాలిపోయాయని, తీసేశారని, మణికట్టుకు పట్టీ వేశారని, మిషను మీద కుట్టడం ఇక కష్టమేనని ఒక్కో కబురూ ఒక్కో రోజు వచ్చింది. సంపత్ చాప మీద బోర్లా పడుకుని ఉండేవాడు. ఆమె వీపుకు పసుపు రాస్తుంటే అతను ఒక్కసారే మాట్లాడాడు.

"నువ్వు మాట్లాడకు అవ్వా. నాకు తెలుసు నీకు భయమని. తెలిసి చెప్పిపోయిన జూడు, నాదే తప్పు."

ఆ మాట ఆమెకు పర్శరాములు బిందె దెబ్బ కంటే గట్టిగా తగిలింది. పసుపు గిన్నె తీసుకుని లేచి లోపలికి పోయింది.

నాలుగో రోజు పొద్దున యూనియన్ ఆఫీసులో వరస పెద్దమనుషులు కూర్చున్నారు. ఆ కాలనీలో ఏ గొడవైనా ముందు అక్కడ తెగాలి, తెగకపోతేనే ఠాణా. ఠాణాకు పోతే సంపత్‌కు పర్మినెంటు కాగితం రాదని అందరికీ తెలుసు. పెద్దమనిషి ఓంప్రకాశ్ గనిలో పని చేయించే ఓవర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. ఒకవైపు రాజలింగు, సంపత్, మహేశ్వరి. ఇంకోవైపు పర్శరాములు. ఎల్లక్క ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చింది. తలకు కట్టు, ఒంటి మీద సోమవారం నాటి చీరే.

"చెప్పు పర్శరాములూ, నువ్వేమంటవ్?" అన్నాడు ఓంప్రకాశ్.

పర్శరాములు భుజం మీది తువ్వాల విప్పాడు. అందులో సుత్తి ఉంది. "ఠాణా వద్దు, కేసు వద్దు" అన్నాడు. గొంతు చాలా మెల్లగా ఉంది. "నా బిడ్డవి రెండు వేళ్లు బోయినయ్. గీనియి రెండు వేళ్లు పోవాలె. గంతే. తర్వాత నాకు వీని మీద పగ లేదు."

"అట్లెట్లయితది? మనం మనుషులం గాదా?" అని ఓంప్రకాశ్ లేచాడు. ఇద్దరు ముగ్గురు పర్శరాములు భుజాలు పట్టారు. అతను వాళ్లను విదిలించాడు. ఒకడు గోడకు తగిలి కింద పడ్డాడు. కుర్చీ విరిగింది. మిగిలినవాళ్లు సుత్తి చూసి వెనక్కి తగ్గారు.

"ఇడువుండ్రి" అన్నాడు సంపత్. అతను లేచి బల్ల దగ్గరికి వచ్చాడు. కుడిచెయ్యి బల్ల మీద పెట్టి, వేళ్లు విప్పి పరిచాడు. "కొట్టు పెద్దబాపూ."

రాజలింగు కొడుకు దగ్గరికి ఉరకబోయి, విరిగిన కుర్చీకి తట్టుకుని గోడకు జారగిలబడ్డాడు. ఇరవై ఎనిమిదేళ్ల నాడు మొదటిసారి గనిలో దిగిన రోజు కూడా ఆ మనిషి ముఖం అలా అయి ఉండదు. పర్శరాములు సుత్తి ఎత్తాడు.  అతని కళ్లలో నీళ్లు.

"ఆగు" అన్నది ఎల్లక్క.

సుత్తి పైన్నే ఆగింది.

ఎల్లక్క మొగుణ్ని చూడలేదు, సంపత్‌ను చూడలేదు. మహేశ్వరి ముందుకు వచ్చి నిలబడింది.

"రాత్రి రోజారాణికి తెలివొచ్చింది" అన్నది. "నీళ్లడిగింది, తాగింది. అప్పుడు నన్నొక మాటడిగింది. చిన్నవ్వ గా తీగ కాడ పీటేసుకోని కూసున్నదవ్వా, నేను దుప్పటి పట్కోని వచ్చేసరికి లేచి లోపలికి పోయింది, ఎందుకు కూసున్నదవ్వా అక్కడ, అని. నువ్వు చెప్పు మహేశ్వరీ. కరెంటుకు ఆమడ దూరం ఉరికేదానివి. గా తీగ కాడ పొద్దుగాల పీటేసుకోని ఎందుకు కూసున్నవ్?"

రాజలింగు గోడ దగ్గర నుంచి తల అడ్డంగా ఊపాడు. సంపత్ "పెద్దవ్వా, మా అవ్వకేం తెల్వదు" అన్నాడు. ఎల్లక్క వినలేదు.

"వీడు ఆరింటికే పనికి బోయె. రోజూ వీడే పీకి బంద్ అయిందని అరిచేటోడు. సోమారం నాడు పీకుమని ఎవలకు చెప్పి పోయిండు?"

మహేశ్వరి కొడుకు చెయ్యిని చూస్తోంది. గోళ్ల కింద గని మసి. ఇప్పుడు మాట్లాడితే సుత్తి తన మీద పడుతుంది, లేదా ఠాణా, లేదా జైలు, లేదా రేపటి నుంచి పెరట్లో ఎవరూ ముఖం చూడరు. నలభై ఏళ్లుగా ఊహించిన కీడులన్నీ ఒక్కసారే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డట్టుంది. వాటిలో ఏది ముందొస్తుందో ఆమెకు తెలియలేదు. పర్శరాములు చెయ్యి ఇంకా పైనే ఉంది.

ఆమె లేచింది. బల్ల దగ్గరికి నడిచింది. కొడుకు చెయ్యిని పట్టి పక్కకు తీసేసింది. అతను గుంజుకోబోతే వదల్లేదు. కోతి కాటు కట్టున్న తన చెయ్యిని అదే చోట పెట్టింది. ఊడిన పళ్ల సందులోంచి గాలి ముందొచ్చింది, మాట తర్వాత వచ్చింది.

"నాకే చెప్పి పోయిండు ఎల్లక్కా. ముట్టుకుంటె సత్తననుకున్న. అందుకె పీకలే."